చేబదులివ్వలేని పుస్తకం

"అక్కా, కిండిల్ తెప్పించుకునేదా, వద్దా?" అని ఈమధ్య నన్ను అడిగినవాళ్ళు అయిదారుగురయినా ఉంటారు. మా అనంతపురంలో ఆడవాళ్ళు ఒకరినొకరు సలహా అడగడానికి ధర్మవరం చీరలున్నాయి, మిక్సీలున్నాయి, మోకాళ్ళ నొప్పులున్నాయి. వాటి మధ్యలోకి పుస్తకాలు చదువుకునే యంత్రం కూడా వచ్చి కూర్చుందంటే నాకు సంతోషమే. బెంగుళూరులో ఉద్యోగం చేసే కొడుకో, అమెరికాలో ఉన్న కూతురో "మా, నీకొకటి పంపిస్తాలే" అంటారు. పంపించమనాలా వద్దనాలా అని ఈవిడకు సందేహం. విడివిడిగా చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. అంచేత అందరికీ కలిపి ఇక్కడ చెప్పేస్తున్నాను.

తెలుగు పుస్తకాలు చదువుకునే ఇల్లాలికి, ఈనాటి పరిస్థితిలో, ఆ యంత్రం దండగ.

ఎందుకు దండగో చెప్పేముందు, నా పక్షాన వాదించడానికి పరుగెత్తుకొచ్చే కొందర్ని గుమ్మంలోనే ఆపెయ్యాలి. "కాగితం వాసన లేనిది అదీ ఒక పుస్తకమేనా అండీ!" అని కళ్ళరమోడ్చేవాళ్ళు వీళ్ళు. వాళ్ళ ఊళ్ళో ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, ఆషాఢం గాలి మొదలయ్యాక మా ఊళ్ళో పుస్తకాల అలమర తెరిస్తే వచ్చేది ఎర్రమట్టి వాసన. ఆ వెనకాల చెదపురుగులు. వాసన కోసమయితే మల్లెపూలు కొనుక్కోవచ్చు, పుస్తకం చదవడానికి. 1820లో మొదట కడపకు వచ్చిన బ్రౌన్ దొర, ఆ తరవాతి ఏళ్ళలో తాళపత్రాలు పోగుచేయించి, పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, కాగితాల మీద శుద్ధప్రతులు రాయించాడు. "అయ్యో, తాటాకు వాసన పోయిందే" అని అప్పుడూ ఎవరో ముక్కు చీదే ఉంటారు. కానీ ఆకు మీంచి కాగితం మీదికి ఎక్కబట్టే ఎన్నో పద్యాలు మనదాకా వచ్చాయి. కాగితం మీంచి అద్దం మీదికి ఎక్కితే మునిగిపోయేదేమీ లేదు. కాబట్టి వాసనవాళ్ళు పక్కకు తప్పుకోవాలి. నా తగువు వేరు.

ఏ మాటకామాటే, దాని మంచి దానికి చెప్పాలి. ఈ రకం తెర సెల్‌ఫోను తెర లాంటిది కాదు. తెరలోపల వెంట్రుక మందాన బుల్లి బుల్లి గోళీలుంటాయి. ఒక్కొక్క గోళీలో తెల్ల రేణువులూ నల్ల రేణువులూ. కరెంటు తగిలిన తీరును బట్టి తెల్లవో నల్లవో పైకి తేలతాయి. తేలినవి తేలినట్టే నిలబడిపోతాయి. పేజీ తిప్పినప్పుడు తప్ప కరెంటుతో పని లేదు. అందుకే ఒకసారి ఛార్జింగు పెడితే వారాల తరబడి వస్తుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు. ఎండలో ఫోను చూస్తే మన మొహమే కనిపిస్తుంది. దీనిమీద అక్షరం ఇంకా బాగా కనిపిస్తుంది. ఎండకు కరువులేని జిల్లా మాది! మిద్దెమీద వడియాలకు కాపలా కూర్చుని హాయిగా చదువుకోవచ్చు. పావుకిలో తూగదు. వేల పుస్తకాలు పడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. కంట్లో శుక్లాలు ముదురుతున్న మనిషికి అదెంత వరమో కళ్ళున్నవాళ్ళకు చెప్పినా తెలియదు.

2004లో జపానులో సోనీవాళ్ళు ఇలాంటి తెరతో మొదటి యంత్రం అమ్మారు. 2007 నవంబరులో అమెరికాలో అమెజాన్ కంపెనీ కిండిల్ తెచ్చింది. ఇప్పుడు ఏ రకానిదయినా జనం కిండిల్ అనే అంటున్నారు, డాల్డా అన్నట్టు. వస్తువులో వంక పెట్టడానికి లేదు. అంగట్లో అన్నీ ఉన్నాయి. అల్లుడి నోట్లోనే శని.

ఆ శని పేరు తెలుగు.

2016 డిసెంబరులో ఆ కంపెనీ మన దేశభాషల పుస్తకాలను కిండిల్‌లోకి తెచ్చింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. అయిదు విస్తళ్ళు వేశారు. బంతిలో కూర్చున్న మనకు ఆకు వెయ్యలేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మా మాతృభాష అన్నవాళ్ళు 8 కోట్ల పైమాటే. గుజరాతీవాళ్ళు అయిదున్నర కోట్లు, మలయాళీలు మూడున్నర కోట్లు. వాళ్ళకు వడ్డించినందుకు నాకు ఏడుపు లేదు, వాళ్ళు చదువుకోవాలి. కానీ తలల లెక్కన చూస్తే మనకు ఆకు పడకపోవడానికి కారణం నాకు కనిపించడంలేదు. "అదేందక్కా, అంతమంది ఉండి మన భాష లేకపోవడమేంది?" అని మా పక్కింటి అమ్మాయి అడిగితే, "ఉండి ఏం లాభం, ఆకు వెయ్యమని అడిగినవాళ్ళేరీ?" అన్నాను.

అక్కడక్కడ ఏదో ఒక తెలుగు పుస్తకం ఏదో ఒక దొడ్డిదారిన లోపలికి రాలేదని కాదు. కానీ మనకు కావలసింది రాజమార్గం. మా తరిమెల ఊరి విద్వాన్ విశ్వం గారి 'పెన్నేటి పాట' నాకు కావాలి. సింగమనేని నారాయణ గారి కథలు కావాలి. బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' కావాలి. 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న నవల, మా అనంతపురం నేల మీద పుట్టిన నవల. యద్దనపూడి సులోచనారాణి గారి పాత నవలలు మళ్ళీ ఒక్కసారి చదవాలి. వీటికోసం నేను వెళ్ళే అంగడి, అయిదు భాషల్ని పిలిచి నా భాషను పిలవడం మరిచిన అంగడా?

"ఇంటర్‌నెట్‌లో ఉచితంగా పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఉన్నాయి, అవి ఎక్కించుకోవచ్చు కదా" అంటారు తెలిసినవాళ్ళు. ఉన్నాయి, నిజమే. కానీ వాటిలో చాలామటుకు పేజీ పేజీకీ ఫొటో తీసిపెట్టినవి. ఆ ఫొటోను చిన్న తెరలోకి కుదిస్తే అక్షరం ఆవగింజంత అవుతుంది. పెద్దది చేద్దామంటే బొమ్మ పెద్దదై పక్కలకు జారిపోతుంది. ప్రతి వాక్యానికీ ఇటూ అటూ జరుపుకుంటూ పోవాలి. పెద్దక్షరాల కోసం కొన్న యంత్రంలో చిన్నక్షరాలు చదవడమంటే, నీళ్ళకోసం బోరు వేయించి ఇసక తోడుకున్నట్టే. ఆ సంగతి మా జిల్లావాళ్ళకు వేరే చెప్పాలా!

ఇందులో మనవాళ్ళ వాటా కూడా ఉంది. కంప్యూటర్లలో ఏ భాషయినా ఎక్కడయినా కనపడడానికి యూనికోడ్ అనే ఏర్పాటు ఉంది. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా మన ప్రచురణకర్తలు ఎన్నో ఏళ్ళు అను ఫాంట్లలోనే పుస్తకాలు కంపోజు చేయించారు. అచ్చుకు అవి ముచ్చటగానే ఉంటాయి. అదే ఫైలు ఇంకోచోట తెరిస్తే ఒత్తులూ గుణింతాలూ కలగాపులగమై, దయ్యాల భాషలా కనపడుతుంది. దాన్ని మళ్ళీ సరిచేసి, తప్పులు దిద్ది ఈ-పుస్తకంగా మార్చాలంటే ఖర్చు, శ్రమ. "ఎవరు చదువుతార్లే" అని వదిలేశారు. 2010 తరవాతి సంవత్సరాల్లో 'కినిగె' వంటివారు తెలుగు ఈ-పుస్తకాలు అమ్మి, తెలుగు పాఠకులు డబ్బిచ్చి కొంటారని చూపించారు. ఆ బాటలో పెద్ద ప్రచురణకర్తలంతా నడిచి ఉంటే, ఇవాళ బయటి కంపెనీ ముందు మనం ఆకు కోసం చెయ్యి చాచే గతి పట్టకపోను.

సరే, రేపో మాపో తెలుగు కూడా పూర్తిగా వచ్చిందనుకుందాం. అప్పుడు కొనచ్చా? నాకు ఇంకో పేచీ ఉంది. అది మొదటిదానికంటే పెద్దది.

మన ఆడవాళ్ళ చదువంతా చేబదులు మీద నడిచింది. కాఫీపొడి చేబదులు, చక్కెర చేబదులు, నవల చేబదులు. 1970ల్లో వీధి చివర అద్దె లైబ్రరీలో ఒకావిడ పుస్తకం తెస్తే, గడువు తీరేలోగా నాలుగిళ్ళు తిరిగి వెళ్ళేది. వారపత్రికల్లో సీరియల్ పేజీలు వారం వారం చించి, దాచి, అయిపోయాక బైండు చేయించిన చేతులు ఎన్ని! ఆ బైండు పుస్తకాలు అత్తగారిళ్ళకు సారెతోపాటు వెళ్ళాయి. అట్ట మీద ఒక పేరు, లోపల ఇంకో పేరు, పేజీల మధ్య ఎవరిదో చాకలిపద్దు, ఎండిన మరువం రెమ్మ. ఒక పుస్తకాన్ని పదిమంది చదివితే కంపెనీకి నష్టమేమో గానీ, ఊరికి లాభం. చదివిన పదిమందీ కుళాయి దగ్గర కలిస్తే కథానాయిక చేసింది రైటా తప్పా అని తగువులాడుకునేవాళ్ళు. ఆ తగువుల్లోనే మాలో చాలామందికి సొంత అభిప్రాయమంటూ ఒకటి ఏర్పడింది. కాలేజీ మెట్లెక్కనివాళ్ళకు అదే కాలేజీ.

మరి ఈ యంత్రంలో పుస్తకం కొంటే మీరు దాన్ని కొన్నట్టు కాదు. కంపెనీవాళ్ళ షరతులు చదివితే తెలుస్తుంది: మీకు చదువుకోవడానికి అనుమతి ఇచ్చారు, అంతే. అంటే పుస్తకం ధరకు మీరు అద్దెకుంటున్నారు. ఇంటాయన ఎప్పుడయినా తలుపు తీసుకుని లోపలికి రావచ్చు. వచ్చాడు కూడా! 2009 జులైలో, హక్కుల తగాదా వచ్చిందని, జార్జి ఆర్వెల్ నవలలు రెండింటిని కొన్నవాళ్ళ కిండిళ్ళలోంచి అమెజాన్ తుడిచేసింది. డబ్బు వాపసు ఇచ్చారనుకోండి. కానీ మన పుస్తకాల షాపువాడు అర్ధరాత్రి మనింట్లోకి వచ్చి, అలమరలోంచి పుస్తకం తీసుకుని, బల్లమీద డబ్బు పెట్టి వెళితే ఊరుకుంటామా? ఆ రెండింటిలో ఒకటి '1984'. నిఘా వేసే ప్రభుత్వం గురించిన నవల! 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణమే మూసేసింది. కొన్న పుస్తకాలన్నీ పోయాయి. మళ్ళీ డబ్బే చేతికొచ్చింది. 2025 ఫిబ్రవరిలో, కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటరులోకి దించి దాచుకునే సౌకర్యాన్ని కూడా తీసేశారు.

చేబదులు మాటా? 2010 చివర్లో అమెరికాలో ఒక ఏర్పాటు చేశారు. ఒక పుస్తకాన్ని, ప్రచురణకర్త ఒప్పుకుంటే, ఒకే ఒక్కసారి, పద్నాలుగు రోజులపాటు, ఒకరికి ఇవ్వనిచ్చేవాళ్ళు. జీవితం మొత్తంలో ఒక్కసారి! మా వీధిలో ఈ లెక్కన కాఫీపొడి ఇస్తే మళ్ళీ గడప తొక్కనివ్వరు. చేబదులివ్వలేని పుస్తకానికి అంత ధర ఎందుకు పెట్టాలి? మనం పోయాక మనవరాలికి మిగలని పుస్తకాన్ని ఆస్తి అని ఎలా అనుకోవాలి?

దీనికి ఒక చదువుకున్న కోడలు నాతో అన్న మాట ఉంది. అది కొట్టిపారెయ్యదగ్గది కాదు. "మీకు తెలీదు పెద్దమ్మా, అందులో అయితే నేను ఏం చదువుతున్నానో ఇంట్లో ఎవరికీ కనపడదు. అట్ట ఉండదు కదా" అంది. గుండె కలుక్కుమంది. వంటింట్లో పప్పుడబ్బా వెనక నవల దాచిన తరం మాది. ఈనాటికీ దాచుకునే అవసరం తీరలేదన్నమాట. ఆ అమ్మాయికి ఒకటే చెప్పాను. "అత్తగారి కన్ను తప్పుతుంది గానీ కంపెనీవాడి కన్ను తప్పదు తల్లీ." మనం ఏ పుస్తకం తెరిచాం, ఏ పేజీలో ఆగాం, ఏ వాక్యం కింద గీత గీశాం, అన్నీ ఆ యంత్రం ఇంటర్‌నెట్‌తో కలిసినప్పుడు కంపెనీకి చేరేలా ఏర్పాటు ఉంటుంది. ఆగినచోటే మళ్ళీ తెరుచుకోవడానికి అది సౌకర్యమే. కానీ రహస్యం కోసం కొనే వస్తువు కాదది. రహస్యంగా చదవాల్సిన అవసరం లేని ఇల్లు కావాలి. దానికి తగువు ఇంట్లోనే పెట్టుకోవాలి.

ఇక డబ్బు లెక్క. చవకరకం చూసినా 10 వేల చుట్టుపక్కల. కాస్త మంచిదయితే 15 వేలు దాటుతుంది. తెలుగు నవల ఒకటి 200 అనుకుంటే ఆ 15 వేలకు 75 పుస్తకాలు వస్తాయి. నెలకు రెండు చదివినా మూడేళ్ళు దాటుతుంది. యంత్రం కొన్నాక పుస్తకాలు మళ్ళీ వేరే కొనాలి. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. ఈ-పుస్తకానికి మొదట 18 శాతం వేసి, 2018లో 5 శాతానికి తగ్గించారు. అదీ అచ్చులో కూడా ఉన్న పుస్తకానికయితేనే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ పేజీ మీ ఆయన చేతికి చిక్కి, "చూశావా, ఆవిడే దండగ అంది" అని పేపరు మడిచి నవ్వుతున్నారేమో! అయ్యా, నేను దండగ అన్నది వస్తువును. మీరు దండగ అనుకునేది ఆమె చదువును. ఈ రెండింటికీ చాలా దూరం ఉంది. అబ్బాయికి ముప్పైవేల ఫోను కొన్నప్పుడు "పనికొస్తుందా" అని మీరు నాలాంటివాళ్ళను సలహా అడగలేదు. మీ బండి మార్చినప్పుడు ఎన్నేళ్ళలో గిట్టుబాటవుతుందని లెక్క వెయ్యలేదు. ఇల్లాలు పుస్తకం అనేసరికే రూపాయి రూపాయికీ పద్దు పుట్టుకొస్తుంది. ఇరవయ్యేళ్ళ వయసులో "నవలలు చదివి చెడిపోతావు" అన్నారు. అరవయ్యేళ్ళకు "ఈ వయసులో ఇంకేం చదువుతావు" అంటున్నారు. మధ్యలో నలభయ్యేళ్ళు అన్నం వండింది కదా, అప్పుడు చదవడానికి తీరిక ఎవరిచ్చారు? కాబట్టి అక్కయ్యల్లారా, ఆ పదిహేను వేలు మీ పద్దులోనే ఉంచండి. యంత్రం వద్దన్నానని అవి కందిపప్పులోకి పోకూడదు.

వాటితో ఏం చెయ్యాలంటారా? పుస్తకాలు కొనండి. అదీ వీధిలో నలుగురు కలిసి, ఒకరు కొన్నది ఇంకొకరు కొనకుండా. ఆమధ్య పుస్తకాలు తెప్పించుకోవడానికి ఖర్చు పెరిగింది. తపాలాశాఖవాళ్ళు అచ్చుపుస్తకాలకు తక్కువ రుసుముతో నడిపిన రిజిస్టర్డ్ పుస్తకాల సర్వీసును 2024 డిసెంబరులో ఎత్తేశారు. పట్నాలవాళ్ళకు దుకాణాలున్నాయి, కళ్యాణదుర్గంలోనో మడకశిరలోనో ఉన్న మనిషికి తపాలాయే దుకాణం. దానిమీద ఒక్క ఊరేగింపు జరిగిందా? ఉల్లిపాయల ధర పెరిగితే జరుగుతుంది.

ఇంకోటి, మీ ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. అందులో లైబ్రరీ సెస్సు అని ఒక గీత ఉంటుంది. రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఏళ్ళ తరబడి మనం కడుతున్న డబ్బు అది. మన తెలుగువాళ్ళు 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ పెట్టుకున్నవాళ్ళు. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా గ్రంథాలయం కోసం జీవితం ధారపోశారు. అలాంటి గ్రంథాలయాలు ఇవాళ ఎలా ఉన్నాయి? చాలాచోట్ల చదివే గది నిండా ఉద్యోగ పరీక్షల పిల్లలు. వాళ్ళు చదువుకోవాల్సిందే, పాపం. కానీ కొత్త నవల అడిగితే లేదు. చిన్న గ్రంథాలయాలు తెరిచేది పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. అంటే సరిగ్గా మన పొయ్యి వెలిగే వేళలు! మధ్యాహ్నం రెండుగంటలకు తలుపు తీసిపెట్టండని మనం అడగాలి. పెద్దక్షరాల పుస్తకాలు కొనమని అడగాలి. ఈ యంత్రాలు నిజంగా అంత మంచివయితే గ్రంథాలయమే ఓ పాతిక కొని, తెలుగు పుస్తకాలు నింపి, కళ్ళు సరిగా కనపడనివాళ్ళకు పదిహేను రోజులకొకటి ఇంటికివ్వమని అడగాలి. అలా చేసిన రోజున నేనే ముందు వరసలో నిలబడతాను. చేబదులు తిరిగే వస్తువయితే దానితో నాకు తగువే లేదు.

కొనవలసినవాళ్ళూ కొందరున్నారు. ఇంగ్లీషు ఎక్కువ చదివేవాళ్ళు, చూపు మందగించి మామూలు అచ్చు చదవలేనివాళ్ళు, చేతివేళ్ళు నొప్పులతో లావు పుస్తకం పట్టుకోలేనివాళ్ళు. వీళ్ళు ఎవరినీ అడగనక్కరలేదు, నన్ను కూడా. ఇవాళే కొనుక్కోండి. కళ్ళకంటే పదిహేను వేలు ఎక్కువేం కాదు. అమెరికా నుంచి పిల్లలు పంపిస్తామంటే మాత్రం ఒక షరతు పెట్టండి. "నాయనా, యంత్రం పంపేముందు ఆ కంపెనీకి ఒక ఉత్తరం రాయి, మా అమ్మ భాష మీ దుకాణంలో పూర్తిగా ఎప్పుడు పెడతారు అని." అక్కడ ఉన్న మన పిల్లల్లో అలాంటి కంపెనీల్లో పనిచేసేవాళ్ళు తక్కువా? లక్షల జీతాలు తెచ్చే తెలివి తెలుగు అక్షరానికి ఒక్క పూట పనికిరాదా?

ఈలోగా, మీ దగ్గర కొత్త నవల ఏదయినా ఉందా? చదివేశారా? అయితే ఇటు పంపండి. వచ్చే శుక్రవారంలోగా అట్ట వేసి మరీ తిరిగిస్తాను.